ఖాళీగా రాని డబ్బాలు

వరద నీళ్లు తీశాక మా వీధిలో పోయినవి లెక్కేశాం. మూడు ఫ్రిజ్‌లు, ఐదు పరుపులు, తొమ్మిది బియ్యం బస్తాలు, ఒక కుట్టుమిషను, రెండు మేకలు. వెనక రేకుల ఇళ్లలో లెక్క తేలిక. వంటింట్లో ఏదీ మిగల్లేదు.

నేను ఆటోనగర్‌లో ఒక స్పేర్‌పార్టుల షాపుకు లెక్కలు చూస్తాను. చదువు పదో తరగతి దగ్గరే ఆగింది, మిగతాది చేస్తూ నేర్చుకున్నదే. వీధివాళ్లం కొందరం ఒక ఖాళీ షెడ్డులో సాంబారన్నం వండి రేకుల ఇళ్లవాళ్లకు పంచాలనుకున్నప్పుడు, కొలతలు నాకు అప్పజెప్పారు. వంట మాత్రం వీధి చివర మెస్సు నడిపే అక్కది. అన్నం పట్టుకెళ్లడానికి వాళ్ల దగ్గర గిన్నెలు లేవు. వేడి సాంబారు ప్లాస్టిక్ కవర్లలో పోయడానికి అక్క ఒప్పుకోలేదు. మూతలున్న స్టీలు డబ్బాలు అరవై కొన్నాం, ఇంటికొకటి. కడిగి మర్నాడు తెస్తే మళ్లీ నింపిస్తాం.

మర్నాడు పద్దెనిమిది వచ్చాయి. డబ్బా తేనివాళ్లు అన్నానికీ రాలేదు. గుండిగలో సగానికి పైగా మిగిలిపోయింది.

"అమ్ముకున్నారేమో అక్కా," అన్నాను.

"నీకన్నీ అమ్మకాలే. ఇక్కడ కూర్చుని కూడికలెందుకు, పోయి అడుగు."

వెళ్లాను. మొదటి ఇంట్లో ఒక ముసలావిడ, ఇద్దరు మనవరాళ్లు. పిల్లలు పొద్దుటినుంచి బిస్కెట్ల మీదే ఉన్నారు. డబ్బా తళతళా తోమి గూట్లో బోర్లించి ఉంది.

"అన్నానికి రాలేదేమండీ?"

"డబ్బా ఇయ్యకుండా ఏ మొకం పెట్టుకుని వచ్చేది బాబూ?"

"అదుగో, ఉందిగా."

"ఉత్తదిమ్మంటావా? బాగానే ఉంది! ఒకళ్ల గిన్నె ఉత్తది ఎవరన్నా ఇస్తారా? మీ అమ్మ నేర్పలా నీకు? ఇంత పంచదారన్నా ఉంటే నిన్ననే ఇచ్చేదాన్ని."

మా ఇంట్లోనూ అంతే. పక్కింటివాళ్ల గిన్నె చిటికెడు ఉప్పయినా వేయకుండా వెనక్కి వెళ్లదు.

షెడ్డుకొచ్చి చెప్పాను. అక్క గరిటె అక్కడే పెట్టి, తనే రేకుల ఇళ్ల మధ్యకు వెళ్లి నిలబడింది.

"డబ్బాలు ఇప్పుడు అడగడం లేదమ్మా! మీ పొయ్యి మీద మీరు వండుకున్న రోజున, మీకు తోచింది వేసి ఇద్దురుగాని. అందాకా తెచ్చి నింపించుకుపోండి."

ఆ పూట ముసలావిడే ముందొచ్చింది. "నిండుగా పెట్టు," అంది, "ఎటూ బాకీయేగా."

నాలుగు నెలలకు డబ్బాలు రావడం మొదలైంది. గోంగూర పచ్చడి, రెండు దోసకాయలు, రొయ్యపొట్టు, ఒకరోజు పాయసం. వచ్చిన డబ్బానల్లా లెక్కల పుస్తకంలో కొట్టేస్తూ వచ్చాను. షెడ్డులో ఇప్పుడు చిన్న గుండిగ సరిపోతోంది. ఈ పూటకు నలభై ఆరు అందాయి. రావలసినవి పద్నాలుగు.