ఆరు పనుల మామయ్య

మా మామయ్య ఎదురుపడి "ఎలా ఉన్నారు?" అంటే "బాగున్నాను" అని మాత్రం అనకూడదు. అన్నవాళ్ళు దొరికిపోయినట్టే. "బాగున్నానంటే ఏ మేరకు?" అంటూ వేళ్ళు మడవడం మొదలుపెడతాడు. "స్నానం మీరే చేస్తున్నారా? బట్టలు మీరే తొడుక్కుంటున్నారా? భోజనం మీ చేత్తోనేనా? ఎవరూ పట్టుకోకుండా మంచం దిగుతున్నారా? గదిలోంచి గదిలోకి నడుస్తున్నారా?" ఆరో ప్రశ్న మరుగుదొడ్డి గురించి. నడివీధిలో అడిగినా సరే, దానికి ఆయన గొంతు తగ్గించడు.

అందుకే ఆయనకి ఆరు పనుల మామయ్య అని పేరు. ఉద్యోగం బీమా ఆఫీసులో, క్లెయిముల గుమాస్తా. వాళ్ళ పాలసీ పుస్తకంలో శాశ్వత వైకల్యం అంటే మనం అనుకునేది కాదు. ఈ ఆరు పనుల్లో కనీసం మూడు ఇంకొకరి సాయం లేకుండా చేసుకోలేకపోవాలి. అదీ ఆరు నెలలకు పైగా అలాగే ఉండాలి. అప్పుడే డబ్బు. నాకు పొద్దుటి ప్రార్థన ఎంత బాగా వచ్చో ఆ పేజీ ఆయనకి అంత బాగా వచ్చు.

ఓసారి అమ్మ జ్వరంతో మూలుగుతోంది. మామయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఒళ్ళు కాలిపోతోందిరా తమ్ముడూ."

"జ్వరం తీవ్రమైన జబ్బుల పట్టీలో లేదక్కయ్యా."

"పట్టీలో లేకపోతే దిగిపోతుందా? నీ మాటలు వింటుంటే నాకు గుండె ఆగినంత పనవుతోంది."

"ఆగినంత పని చెల్లదు. ఛాతీలో నొప్పి ఉండాలి, ఈసీజీలో మార్పు కనిపించాలి, రక్తపరీక్షలో తేలాలి. మూడూ ఉంటేనే మా లెక్కలో గుండెపోటు."

అమ్మ తలగడ తీసి విసిరింది. "విసరగలుగుతున్నావు, నయమే" అంటూ దాన్ని తెచ్చి మళ్ళీ అమ్మ తల కింద సర్ది, పాలు కాచడానికి వంటింట్లోకి వెళ్ళాడు.

మా వీధి పోస్ట్‌మాన్ తెలివైనవాడు. మామయ్య కనబడగానే సైకిలు ఆపకుండానే "ఆరూ నేనే చేసుకుంటున్నానండీ!" అని అరిచి సందు తిరిగిపోయేవాడు. నాకా తెలివి లేదు. మామయ్య పక్కన నడవాల్సివస్తే తల వంచుకుని నడిచేవాణ్ణి.

మా కింది వాటాలో దర్జీ మాస్టారు ఉండేవారు. ముందు గదిలో కొట్టు, వెనక కాపురం. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఆరు నెలలు దాటినా చెయ్యి లేవలేదు. భార్యకి కుట్టుపని అంతా వచ్చు గానీ, ఆయన్ని వదిలి పావుగంట మిషను ముందు కూర్చోవడానికి లేదు. మామయ్య కంపెనీలో ఆయనకున్న పాలసీ మీద క్లెయిము వస్తే ఆయన్ని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకుని ఆవిడ కొట్టు తెరుస్తుంది. రాకపోతే నెలాఖరుకి కొట్టు ఖాళీ చేయాల్సిందే.

కంపెనీ డాక్టరు చూడ్డానికి వచ్చే రోజు రానే వచ్చింది. పెద్దమనిషి వస్తున్నాడంటే మనం ఇల్లు సర్దుతాం. ఆవిడ ఏకంగా మనిషినే సర్దింది. తెల్లవారకముందే స్నానం చేయించి, నున్నగా గడ్డం గీసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, మెడదాకా గుండీలు పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్ళో పేపరు పరిచింది. చూస్తే పెళ్ళికొడుకే.

డాక్టరు వెనకాలే ఫైలు పట్టుకుని మామయ్య వచ్చాడు. నేను టీ తెచ్చాను. డాక్టరు అడగడం మొదలుపెట్టాడు.

"ఎలా ఉన్నారు?"

"నాకేమండీ, దివ్యంగా ఉన్నాను."

"స్నానం?"

"రోజూ."

"బట్టలు?"

"చూస్తున్నారుగా."

"భోజనం?"

"రెండు పూటలా, కడుపునిండా."

డాక్టరు ఒక్కో జవాబుకీ టిక్కు పెడుతున్నాడు. ఇంకొక్క టిక్కు పడితే క్లెయిము పోయినట్టే. భార్య గుమ్మం పట్టుకుని నిలబడింది. మొగుడి మాటకి పరాయివాళ్ళ ముందు అడ్డు చెప్పలేదు, ఊరుకోనూ లేదు.

"ఎవరి సాయంతో అని కూడా అడగాలండీ" అన్నాడు మామయ్య.

మాస్టారు భగ్గుమన్నారు. "గుమాస్తాగారూ! నలభై ఏళ్ళు ఊరందరికీ చొక్కాలు కుట్టాను. నాకు చొక్కా తొడుక్కోవడం రాదంటారా?"

మామయ్య ఫైలు కింద పెట్టి, స్టూలు లాక్కుని మాస్టారి పక్కన కూర్చున్నాడు. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడంచేత్తో తన చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏమిటండీ ఇది?" అన్నాడు డాక్టరు కంగారుగా.

"ఒంటిచేత్తో పెట్టుకోవచ్చేమో చూద్దామని."

విప్పడం అయింది. పెట్టుకోవడం కాలేదు. నాలుక బయటపెట్టి, బొజ్జ లోపలికి పీల్చి, చెమటలు కక్కుతూ గింజుకున్నాడు. ఒక గుండీ తెగి ఎగిరి, సరిగ్గా డాక్టరు టీకప్పులో పడింది.

మాస్టారు పెదవి బిగబట్టారు. ఆపుకోలేక పక్కున నవ్వారు. "అలా దూరదయ్యా మహానుభావా!"

"మరెలా దూరుతుంది మాస్టారూ?"

"రెండో చెయ్యి కావాలి!"

అనేశాక ఒళ్ళో ఉన్న కుడిచేతి వంక చూసుకున్నారు. "ఈ గుండీలు మా ఆవిడ పెట్టింది డాక్టరుగారూ" అన్నారు నెమ్మదిగా. "స్నానమూ ఆవిడే. ముద్దా ఆవిడే. లేవాలంటే ఆవిడ భుజమే ఆధారం."

"ఆరు నెలలైంది. ఈ మాట నాతోనైనా అనలేదు" అంది భార్య. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

డాక్టరు చెంచాతో గుండీ తీసి సాసర్లో పెట్టి, పాత కాగితం కొట్టేసి కొత్తది తీశాడు.

వాళ్ళు బయల్దేరాక మెట్ల మీద మామయ్యని ఆపాను. "నువ్వు కంపెనీ మనిషివా, వీళ్ళ మనిషివా?"

"ఉన్నదున్నట్టు రాయించేవాణ్ణిరా. ఎంతమంది 'నాకేం, బాగున్నాను' అని తమ క్లెయిము తామే పోగొట్టుకున్నారో! మనవాళ్ళకి కష్టం పైకి చెప్పడం సిగ్గు. అందుకే ముందునుంచే అందరికీ అలవాటు చేస్తున్నాను."

నేను సిగ్గుపడ్డాను. ఇన్నాళ్ళూ తల వంచుకున్నది ఈయన పక్కనా అని.

దేవుడి దయవల్ల క్లెయిము మంజూరైంది. ఒక మనిషి కుదిరాడు, కొట్టు షట్టరు లేచింది. మొదటి చొక్కా, ఊరికే, మామయ్యకి. ఆవిడ టేపు పట్టుకుంది, కుర్చీలోంచి ఆయన అజమాయిషీ.

"పొట్ట దగ్గర రెండంగుళాలు వదులు."

"నాలుగు వదలాలి. కనబడ్డంలా?"

"నలభై ఏళ్ళ అనుభవం నాది!"

"కత్తెర నాది!"

మామయ్య రెండు చేతులూ చాచి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. "తేల్చండి చెల్లెమ్మా, ఆఫీసుకి వేళయింది."

మూడు వదిలారు.