చప్పుడు లేని రివర్సు

హెవీ లైసెన్సు చేతికి వచ్చేనాటికి నాకు యాభై మూడేళ్లు. అంతకు ముందు ఇరవై రెండేళ్లు ఇబ్రహీంపట్నంలోని ఒక కూల్‌డ్రింకుల ఏజెన్సీలో హమాలీగా చేశాను. గోదాములో కేసులు బండికెక్కించడం, దుకాణాల దగ్గర దించడం, ఖాళీ సీసాలు మళ్లీ ఎక్కించుకు రావడం. చెప్పడానికి ఇంకేం లేదు, అదే పని.

నడుము పోయింది. దవాఖానలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, ఇక బరువు ముట్టొద్దన్నాడు. బరువు ముట్టని హమాలీతో ఎవరికీ పని ఉండదు. ఆ మాట మా సేటుకు నేనే చెప్పాను. దాచితే నాలుగు రోజులు దాగుతుంది, అంతే.

సేటు నా మీద జాలిపడ్డాడని నేను అనుకోను. డీసీఎం లారీ నడిపే డ్రైవరు నాకంటే ఆరేళ్లు పెద్ద. ఆయన్ని అన్న అనేవాణ్ణి. కళ్లలో పొర వస్తోందని, ఉగాదికి మానేసి ఆపరేషను చేయించుకుంటానని ఆయన అప్పటికే చెప్పేశాడు. కొత్త డ్రైవర్లు వస్తారు, నెల చేస్తారు, రావిర్యాల వైపు కంపెనీలలో పని దొరకగానే పోతారు. నేను ఎక్కడికీ పోనని సేటుకు తెలుసు.

"లైట్ లైసెన్సు ఉన్నది గదనే నీకు, హెవీ తీస్కో" అన్నాడు. "ఫీజు నేను కడత. మా డ్రైవరు నేర్పుతడు. ఉగాది లోపల రావాలె మల్ల. రాకుంటే యాచారంకెల్లి ఒకడు అడుగుతున్నడు, వాన్ని పెట్టుకుంట. నువ్వు ఇంటికాడ కూసో."

లైట్ లైసెన్సు రెండేళ్ల కింద తీసుకున్నాను, ట్రాలీ ఆటో కోసం. నేను బడికి పోలేదు. బండి బతుకుదెరువుగా నడపాలంటే ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న రూలు ఉండేది, అది తీసేశారని ఎవరో చెప్పారు. అయినా మొదటి పరీక్ష కంప్యూటరు మీద ఉంటుంది, ప్రశ్న చదవాలి, టైము అయిపోకముందే జవాబు నొక్కాలి. మా ఇంటామె పొదుపు సంఘంలో చదవడం నేర్చుకుంది, ఆమె దగ్గర నేను నేర్చుకున్నాను. అక్షరాలు ఆమె చెప్పింది, మాటలు దుకాణాల బోర్డుల మీద దొరికాయి. కిరాణం, జనరల్ స్టోర్స్, చికెన్ సెంటర్. కేసు భుజాన పెట్టుకుని బోర్డు పూర్తిగా చదివేదాకా నిలబడేవాణ్ణి. దుకాణపాయన కసురుకునేవాడు. ఇదేదో గొప్పగా చెప్పడం లేదు. చదువు రాకముందు రోజులు ఎట్లా గడిచాయో వచ్చాకా అట్లాగే గడిచాయి. లైసెన్సు ఒక్కటే తేడా.

పొద్దున ఒక గంట డ్రైవింగ్ స్కూలు. సాయంత్రం లోడు దిగాక అన్న నేర్పేవాడు. ఆయన పద్ధతి ఆయనది. బండి వెనక నాలుగు కేసుల ఖాళీ గాజు సీసాలు కట్టకుండా పెట్టేవాడు. సీసా మోగితే తిట్టేవాడు.

"ఏందిర తమ్మీ, పెండ్లి బ్యాండు కట్టుకున్నవా ఎన్క? జర మెల్లగ తిప్పు."

నెలకు మోత తగ్గింది. రివర్సు మాత్రం మొదటి రోజు నుంచీ బాగానే వచ్చింది. అక్కడే దెబ్బ తిన్నాం.

మా గోదాము గేటు ఇరుకు. బండి వెనక్కి వస్తుంటే హమాలీ ఒకడు వెనక ఎడమ మూలన నిలబడి బండి బాడీ మీద అరచేత్తో దబదబ కొడతాడు. చప్పుడు వస్తున్నంతసేపు బండి వస్తుంది, చెయ్యి ఆగితే బండి ఆగుతుంది. "రానీ, రానీ" అని నోటితో అనడం అలవాటు కొద్దీ, అసలు మాట చేతిదే. ఇరవై రెండేళ్లు ఆ చెయ్యి నాదే. నేను సీట్లో కూర్చున్నాక మిగతావాళ్లు కొట్టారు. నేను చప్పుడు విని వచ్చాను, చప్పుడు ఆగితే ఆగాను. అన్న కూడా భలే వస్తోందన్నాడు. నాకు వస్తున్నది రివర్సు కాదని ఇద్దరికీ తోచలేదు.

పరీక్ష రోజు ట్రాకు మీద గుంజలు పాతి ఉన్నాయి. పరీక్ష పెట్టే ఆర్టీవో సారు నీడకు కుర్చీ వేసుకుని కాగితాలు పట్టుకున్నాడు. ముందుకు పోవడం బాగానే అయింది. రివర్సు వేసి రెండు బారలు వచ్చానో లేదో కాలు బ్రేకు మీద పడింది. వెనక నుంచి చప్పుడు లేదు.

"ఏమైంది పెద్దాయనా, ఇంజను బందైందా?" అన్నాడు సారు.

"లేదు సార్."

"మరి రా."

ఇంకో బారెడు వచ్చి మళ్లీ ఆగాను.

"ఎవల కోసం సూస్తున్నవ్? ఎవలన్న రావాల్నా?"

సిగ్గేసింది. యాక్సిలరేటరు గట్టిగా తొక్కాను. ఎడమ పక్క గుంజ పడిపోయింది. సారు ఫెయిలని రాసి కాగితం తిప్పేశాడు. మళ్లీ వారం తర్వాతే రావాలి. ఉగాదికి ఇంకా పన్నెండు రోజులు. అంటే మిగిలింది ఒకే ఒక్క పరీక్ష.

గోదాములో హమాలీలు పడీపడీ నవ్వారు.

"సారును ఎన్కకు పొయ్యి కొట్టమనకపోయినవే!"

"మాకు చెప్తే ఒకలం వస్తుంటిమి గదా, బాడీ కొట్టెతందుకు!"

అన్న నవ్వలేదు. "రేపటిసంది వీడు బండ్ల ఉంటే ఎవ్వడు బాడీ ముట్టొద్దు. కొట్టినోని సెయ్యి ఇరగ్గొడత" అన్నాడు. నాతో, "అద్దాలల్ల సూడు. గవి ఉన్నయ్ ఎందుకు, తల దువ్వుకునెతందుకా?" అన్నాడు.

మూడో రోజు గోడకూ బండికీ మధ్య దూరం కొలుచుకోవడానికి ఒక హమాలీని వెనక ఎడమ మూలన, నేను ఎప్పుడూ నిలబడే చోట నిలబెట్టాం. ఎడమ అద్దంలో చూశాను. గోడ ఉంది, గేటు ఉంది, కేసుల వరుస ఉంది. మనిషి లేడు. కుడి అద్దంలో చూశాను. లేడు. మెడ బయటికి పెట్టి చూశాను. వెళ్లిపోయాడేమోనని దిగి వెనక్కి పోతే, అక్కడే గోడకు ఆనుకుని వీపు గోక్కుంటున్నాడు.

అన్న పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. తిరిగి ఎక్కి అడిగాను.

"అన్నా, నేను ఆడ నిలవడితే నీకు కనపడుతుంటినా?"

"లేదు."

"ఇన్నేండ్లు?"

"సప్పుడు ఇనపడుతుండె గదా."

"బాలాపూర్ల వినాయకుని సప్పుళ్లప్పుడు ఏం ఇనపడుతుండె?"

"ఆ దినాలు నేను దిగి సూసుకుంట వస్తుంటి. యాదికి లేదా?"

"మరి మిగిలిన దినాలు?"

ఆయన నా వైపు చూశాడు. "మిగిలిన దినాలు నువ్వుంటివి గదరా" అన్నాడు.

నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదేమో, తెలియదు. ఇంజను స్టార్ట్ చేసి మళ్లీ వెనక్కి వచ్చాను.

రెండో పరీక్షకు ముందు అన్న ఒకటే చెప్పాడు. "మధ్యల ఆగకు. మల్ల ఆగినవంటే ఆ సారు నిన్ను ఇంటికే తోలుతడు."

అద్దాలు చూసుకుంటూ వచ్చాను. మొదటి మలుపు దాటాను. చివరి మలుపులో వెనక ఎడమ మూల అద్దంలోంచి జారిపోయింది. ట్రాకు మీద ఎవరూ ఉండరు. అది నాకు తెలుసు. ఆగితే ఏం పోతుందో అదీ తెలుసు. హ్యాండ్ బ్రేకు లాగాను.

"సార్, దిగి సూసొస్త."

"ఏమున్నదని?"

"ఏమున్నదో తెల్వదు సార్. గందుకే."

సారు కాగితం వైపు చూశాడు. "మొన్న గుంజ పడగొట్టింది నువ్వే గదా?"

"నేనే."

"సూసిరా మరి. జల్ది."

నడుము వల్ల దిగడానికి సమయం పట్టింది. ఎవరూ లేరు. గుంజ మాత్రం బాడీకి జానెడు దూరంలో ఉంది. ఎక్కి, కొంచెం ముందుకు తీసి, స్టీరింగు సరిచేసి వచ్చాను. ఏ గుంజా పడలేదు. సారు ఏదో రాసుకున్నాడు. పాసో ఫెయిలో చెప్పలేదు. ఫోనుకు మెసేజీ వస్తుంది పొమ్మన్నాడు.

మెసేజీ సాయంత్రం వచ్చింది, ఇంగ్లీషులో. నాకు తెలుగు ఒక్కటే వచ్చు. అన్న ఫోను దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు, పొర అడ్డం. ఇద్దరం సాగర్ రోడ్డు మీద జిరాక్సు దుకాణానికి పోయాం. దుకాణంలో పిలగాడు తల ఎత్తకుండానే "పాస్" అని ఫోను తిరిగి ఇచ్చేశాడు.

ఉగాది మరునాటి నుంచి డీసీఎం నాది. సీజను మొదలైంది, మధ్యాహ్నం రెండో లోడుకు గేటు దగ్గర బండి ఆపాను. ముగ్గురు హమాలీలు ఎప్పటిలాగే ఎడమ గోడ నీడకు చేరి, బాడీ కొట్టడానికి చెయ్యి ఎత్తారు. కుడివైపుకు రమ్మన్నాను.

"ఏందే, డ్రైవరైనవని ఎండల నిలవెడుతున్నవ్ మమ్ముల?"

"అవ్. ఎండలనే నిలవడుండ్రి. నాకు కనపడాలె."

"ఆ అన్న ఉన్నప్పుడు గిట్ల లేకుండె."

"లేకుండె" అన్నాను.

తిట్టుకుంటూ ఎండలోకి వచ్చారు. ముగ్గురూ అద్దంలో పడ్డాక రివర్సు గేరు వేశాను.