పేరు తీసేశాను, కొండ గుర్తు ఉంచేశాను

పోయిన నెలలో ఒక అమ్మాయి నా క్లినిక్కుకు వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, తన ఫోను నా కళ్లద్దాల ముందు పెట్టింది. అందులో ఉన్నది ముప్పై ఏళ్ల క్రితం నేను రాసిన వ్యాసం. నా ఈడువాళ్లు ఒప్పుకుంటారో లేదో గాని, మన పాత రాత ఎదురుపడితే ముందు కలిగేది సంతోషమే. నాకూ సిగ్గులేకుండా అదే కలిగింది, ఆ అమ్మాయి దువ్వాడలో నర్సింగు చదువుతోందని, వ్యాసంలోని మనిషి తన తాతేనని తెలిసేదాకా.

ఆ తాత చేపలవేట మీద బతికే పేటలో పుట్టి పెరిగినవాడు. నేను మానసిక వైద్యుడిగా కొత్తగా కుర్చీ ఎక్కిన రోజుల్లో నడుంనొప్పి అంటూ వచ్చాడు. మూడోసారికి గాని అసలు సంగతి బయటపెట్టలేదు. పడవ ఒడ్డుకు దూరమయ్యేకొద్దీ గుండె దడ, ఒళ్లంతా చెమటలు, ఇక చచ్చిపోతానన్న భయం. సముద్రం మీద బతికే ఇంట్లో పుట్టి సముద్రమంటే భయమని ఎవరితో చెప్పుకుంటాడు? నడుంనొప్పి అంటే జాలిపడతారు, ఇది తెలిస్తే పేటంతా నవ్వుతుంది. ఈ మాట మన ఇద్దరి మధ్యే ఉంటుందని నేను మాట ఇచ్చాకే మందులు మొదలుపెట్టనిచ్చాడు. అతని కథ డాక్టర్ల పత్రికకు రాస్తానంటే కూడా, పేరు లేకపోతే రాసుకోమన్నాడు.

రాశాను, అచ్చయింది. కాని ఆ సంచిక కాలేజీ లైబ్రరీలో అద్దాల బీరువాలో తాళం వెనక ఉండేది, తాళంచెవి ఉన్నాయన ఎప్పుడూ భోజనానికి వెళ్లి ఉండేవాడు. రాసినవాణ్ణి నేనే అడుక్కుని చదువుకోవలసి వచ్చింది. కంప్యూటర్లు వచ్చాక తాళం వాటిలోకి మారింది, డబ్బు కడితేనే వ్యాసం తెరుచుకునేది, అంతే తేడా. ఆ మంట నాలో ఆరలేదు. రోగుల బాధలోంచి పుట్టిన జ్ఞానం ఎవరైనా అడ్డం లేకుండా చదువుకోవాలని ప్రతి సభలోనూ గొంతు చించుకునేవాణ్ణి, నేను లేచానంటే తోటి డాక్టర్లు గడియారాలు చూసుకునేవారు. పెళ్లి పంక్తిలో కూడా ఇదే ఉపన్యాసమా అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అందుకే కొన్నేళ్ల కిందట ఆ పత్రికవాళ్లు పాత సంచికలన్నీ అందరూ ఉచితంగా చదువుకునేలా, ఎక్కడైనా దాచుకునేలా వదిలేస్తున్నాం, సమ్మతమేనా అని రాస్తే, చేతిలో కాఫీ చల్లారకముందే సమ్మతమని సంతకం పెట్టి పంపాను. వ్యాసం ఒక్కసారి తిరగేసి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు.

పేరు తీశాను, పేట తీశాను, వయసు కూడా మార్చాను. రచన బాగుంటుందని ఒక్కటి ఉంచాను. ఉక్కు ఫ్యాక్టరీ పొగగొట్టం యారాడ కొండ అంచుకు ఆనినట్టూ, ఒక గుడి గోపురం రెండు తాటిచెట్ల మధ్యకు వచ్చినట్టూ కనిపించే చోటు దాటితే అతనికి భయం మొదలవుతుందని రాశాను. పద్మనాభం వైపు వరిచేలలో పుట్టిన నాకు కొండంటే కొండే. వేటకు వెళ్లేవాళ్లకు అలా ఒడ్డు మీది కొండనూ గోపురాన్నీ కలిపి చూసుకునే గుర్తు చేపలు దొరికే చోటుకు ఆనవాలు, తండ్రి కొడుక్కు అప్పగించేది, ఏ గుర్తు ఏ ఇంటిదో పేటంతా ఎరిగినదే. సముద్రం మీద వాళ్ల ఇంటి చిరునామాను నేను పనిగట్టుకుని అచ్చువేయించాను.

“పేరు లేపోతే ఏటి సార్? ఈ గుర్తు మా ఇంటిది. మా పేటలో వేటకెల్లేవోలెవులు సదివినా ఇట్టే సెప్పేత్తారు,” అంది ఆ అమ్మాయి. కోపంగా కాదు, అదే నన్ను కోసేసింది.

పత్రికకు రాశాను. మా దగ్గరున్నది తీసేస్తాం గాని, ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవడం కుదరదు, ఇతరులు దాచుకున్న ప్రతులు మా చేతిలో లేవు అని మర్యాదగా జవాబిచ్చారు. నా సంతకమే నన్ను కట్టిపడేసింది. పోనీ, తాళాలే మంచివని అందామా అంటే నోరు రాదు. వేటాడే ఇంటి ఆడపిల్ల డబ్బు కట్టకుండా, ఎవరినీ బతిమాలకుండా వైద్యవ్యాసం చదవాలనే కదా ఇన్నేళ్లు అరిచాను! ఆ పిల్ల చదివింది. ఎటు తిరిగినా గోడే.

వెళ్లేముందు ఆ అమ్మాయి అడిగింది ఒక్కటే. “తాతకి మాత్రం సెప్పకండి సార్. నాకు తెలిసిపోనాదని తెలిత్తే ఇంక నా మొకం సూడ్డు.” ఇప్పుడు ఆ మనిషి రహస్యాన్ని ఆ మనిషికే తెలియకుండా దాస్తున్నాను.

కిందటి వారం ఆయన నెలవారీ మందులకు వచ్చాడు. జుట్టు తెల్లబడింది, పడవ కొడుకుల చేతికి వెళ్లింది, భయం ఒక్కటే కొంచెం మిగిలింది. లేవబోతూ, ఎప్పటిలాగే గొంతు తగ్గించి అడిగాడు. “బాబూ, మన మాట మన మద్దినే ఉన్నాది కదా?”

ఆ రోజుల్లో డాక్టరు నోరు మూసుకుంటే మాట దాగేది. బీరువాలు, తాళాలు, భోజనానికి వెళ్లిన ఆ లైబ్రరీ ఆయనా నాకు తెలియకుండానే నా మాటకు కాపలా కాశారని ఇప్పుడు అనిపిస్తోంది. తెరిచినవాణ్ణి నేను, మూయడం నా వల్ల కాదు. “ఉంది,” అన్నాను. ఆయన తృప్తిగా తలాడించి, మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ముప్పై ఏళ్లుగా ఆయన ఇదే అడుగుతున్నాడు, నేను ఇదే చెబుతున్నాను. అబద్ధమని తెలిసి చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి.