వదిన మొహం ఉన్న స్టాంపు

మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం పోస్టుమేన్ గేటు తీసుకుని లోపలికొచ్చి ఒక కవరు నా చేతిలో పెట్టాడు. ఈ రోజుల్లో మా వీధికి అతను తెచ్చేవన్నీ బ్యాంకు కాయితాలే. వాటి మీద స్టాంపు ఉండదు, నల్లగీతల చీటీ ఒకటి అంటించి ఉంటుంది. అలాంటిది చేతిరాతతో, స్టాంపుతో ఉత్తరం రావడమే వింత. పైగా అతను వెళ్లకుండా నిలబడి, "అమ్మా, ఆ స్టాంపు మీద ఆవిడెవరండీ, మంత్రిగారా?" అని అడిగాడు. కళ్లజోడు పెట్టుకుని చూద్దును కదా, మా వదిన! పట్టుచీర, తల్లో కనకాంబరాలు, మెళ్లో రెండుపేటల గొలుసు. డెబ్బయ్యేళ్ల మనిషి నలభై ఏళ్ల దానిలా నవ్వుతోంది. బొబ్బిలి పోస్టాఫీసు ముద్ర ఆవిడ భుజాన్ని మాత్రమే తాకి, మొహం జోలికి పోకుండా పక్కకి తప్పుకుంది. ముద్ర కొట్టినవాడికి కూడా ఆవిడంటే ఎంత మర్యాదో చూశారా!

"మంత్రీ కాదు, మహారాణీ కాదు. మా మేనమామ కూతురు" అని చెప్పి అతన్ని పంపించేశాను. ఆ తర్వాత అన్నం తినబుద్ధి కాలేదు. మా ఆయన పెరుగన్నం కలుపుకుంటూ నా వంక చూసి, ఏమైందని కూడా అడగలేదు. నలభై నాలుగేళ్ల కాపురంలో వదిన పేరున్న కవరు చూసినప్పుడల్లా నాకేమవుతుందో ఆయనకు తెలుసు. అసూయ. దానికి ఇంకో మర్యాదైన పేరేదైనా ఉంటే బాగుండును గానీ, లేదు.

నాకు అరవై ఎనిమిదేళ్లు. విజయనగరంలో పిల్లలకి సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఎనిమిదో ఏట మొదలుపెట్టి ఈనాటికీ స్టాంపులు పోగుచేస్తున్నాను. నా ఆల్బంలో నాయకులున్నారు, రైలింజన్లున్నాయి, పులులున్నాయి, ఎక్కడిదో తెలియని దేశపు రాణి ఒకావిడ ఉంది. ఒక్కొక్కదాన్నీ కవరు నుంచి చింపి, పళ్లెంలో నీళ్లు పోసి నానబెట్టి, జిగురు పోగొట్టి, పాత పత్రికల మధ్య ఆరబెట్టి, పట్టకారుతో పట్టుకుని అంటించాను. మా వదిన జన్మలో ఒక్క స్టాంపు దాచి ఎరగదు. కవరు రాగానే అడ్డంగా చింపి, లోపల కాయితం తీసుకుని, మిగిలింది పొయ్యిలో పడేసే రకం. అలాంటి మనిషి, అరవై ఏళ్లు నేను కాపలా కాసిన గుడిలోకి నేరుగా వచ్చి దేవత పీట మీద కూర్చుంది!

సాయంత్రం ఫోన్ కూడా చేసింది. "ఒసే మరదలా, అందిందేటే? ఎలాగున్నాను సెప్పు. పోస్టాఫీసుకి ఫోటో ఇస్తే సాలంట, స్టాంపులేసి ఇచ్చీస్తారంట. డెబ్బయ్యో పుట్టినరోజని పిల్లలు సేయించేరు. నీకు స్టాంపులంటే పిచ్చి కదేటి, అందుకే ముందు నీకే పంపించేను." బాగుంది వదినా అన్నాను. ఫోన్ పెట్టాక ఆల్బం ముందేసుకుని కూర్చుని ఒక శాస్త్రీయమైన ఓదార్పు కనిపెట్టాను. ఇలాంటి వాటిలో మొహం ఉండేది అసలు స్టాంపు మీద కాదు. పూల బొమ్మతో ఐదు రూపాయల స్టాంపు వేరే ఉంటుంది. దాని పక్కనే అంటుకుని ఉన్న ముక్క మీద ఫోటో అచ్చేస్తారు. అంటే వదిన స్టాంపెక్కలేదు, స్టాంపు పక్కింట్లో అద్దెకి దిగిందంతే. ఈ మాటే మా ఆయనకు చెప్పాను. "సూసేవోళ్లకి ఆ తేడా తెలీదు కదే" అని ఆయన పేపరు తిప్పేశారు.

ఈ అసూయ నిన్నా మొన్నా పుట్టింది కాదు. మా అమ్మ పుట్టిల్లు బొబ్బిలి. తాతయ్యది గోగునార వ్యాపారం. కొట్లో గోడకి ఒక వంకీ తిరిగిన ఇనప ఊచ వేలాడుతుండేది. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ తాతయ్య చదివి, కవరుతో సహా ఆ ఊచకి గుచ్చేసేవాడు. కొట్టంతా నార వాసన, మట్టి వాసన, తూకం రాళ్ల చప్పుడు. నాకు మాత్రం ఆ ఊచ ఒక్కటే కనిపించేది. నేను కవరు అందుకునేలోగా గుచ్చేస్తే స్టాంపు గుండెలో చిల్లు పడిపోయేది. నా ఆల్బం మొదటి పేజీల్లో సగంమంది నాయకులకి నుదుటి మీద చిల్లుంటుంది. సెలవులకి వెళ్లినప్పుడు పొద్దున్నే కొట్లో చేరి, "తాతా, పక్కన గుచ్చు, పక్కన గుచ్చు" అని బతిమాలడమే నా పని. తాతయ్య సరేనని తలూపి మళ్లీ మధ్యలోనే గుచ్చేవాడు. చేతి అలవాటు, పాపం.

రంగూన్‌లో ఉండిపోయిన పాత స్నేహితుడొకాయన తాతయ్యకి ఏడాదికోసారి ఉత్తరం రాసేవాడు. ఒక ఏడు ఆ కవరు మీద వచ్చిన స్టాంపు నేను ఇప్పటికీ కళ్లు మూసుకుని చూడగలను. పచ్చటి నేల, పొడవు తోక పిట్ట, తోక చివర ఎర్రటి ఈక. నేను స్నానం చేసి వచ్చేలోగా వదిన కొట్లోకి వెళ్లి, పిట్ట బాగుందని అడిగింది. తాతయ్య ఊచకి గుచ్చకుండా, జాగ్రత్తగా కత్తిరించి ఇచ్చాడు. నాకోసం ఒక్కసారీ చెయ్యని జాగ్రత్త! నేను ఏడుస్తూ వెళ్తే, "పెద్దపిల్ల అడిగితే ఇచ్చీసేనే. నీకు ఇంకోటి వస్తాది, ఉండు" అన్నాడు. ఇంకోటి రాలేదు. ఆ స్నేహితుడు మళ్లీ రాయలేదు. వదిన ఆ పిట్టని అన్నం మెతుకుతో తన పౌడరు డబ్బాకి అంటించుకుంది. నెల తిరక్కుండా తడిసి, చిరిగి, పిట్టకి తోక మాత్రం మిగిలింది. ఆ డబ్బా చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోయేది. ఆవిడకి మాత్రం అది మామూలు డబ్బా.

ఆ ఏడుపులోంచే నేనొక నియమం పెట్టుకున్నాను. అడిగి పుచ్చుకున్నది నాకొద్దు, కొనుక్కున్నది అసలే వద్దు. ఎవరో ఒకరు ఏదో ఒక పనిమీద నాకు ఉత్తరం రాస్తే, దాని మీద ముద్ర పడి నా ఇంటికి వచ్చిందే నా ఆల్బంలోకి వెళ్తుంది. డబ్బు పెట్టి షీట్లకి షీట్లు కొని ప్లాస్టిక్ సంచుల్లో దాచుకునేవాళ్లని చూసి నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని. ఇప్పుడు ఆ నియమం నా మెడకే చుట్టుకుంది. వదిన స్టాంపు ఉత్తరం మీద వచ్చింది, ముద్ర పడింది, నియమం ప్రకారం నిక్షేపంగా ఆల్బంలోకి వెళ్తుంది. వెళ్లింది కూడా. రైలింజన్ల పేజీలో పెట్టాను, పులుల పక్కన జాగా ఉన్నా సరే.

నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదో రోజు నా ఫోటో పట్టుకుని పెద్ద పోస్టాఫీసుకి వెళ్లాను. కౌంటర్లో ఉన్నమ్మాయి ఫోటో చూసి, "ఆధార్ ఫోటోలాగున్నాది మేడం, ఇది అచ్చేస్తే మీరే ఏడుస్తారు, మంచిది తీయించుకుని రండి" అంది. తిరిగి గంటస్తంభం దగ్గర స్టూడియోకి వెళ్లాను. వదిన కవరు సంచిలోంచి తీసి ఆ ఫోటోగ్రాఫరుకి చూపించి, ఈవిడకంటే ఒక్క ముడత తక్కువ ఉండేట్టు చెయ్యి నాయనా అన్నాను. అతను నవ్వలేదు. "రెండు తగ్గించీమంటారా?" అని అడిగాడు. తగ్గించెయ్యమన్నాను. మళ్లీ పోస్టాఫీసు. ఆ పిల్ల కాయితాలు నింపుతూ, కొన్ని దేశాల్లో ఇంట్లో కంప్యూటరులోనే స్టాంపు ప్రింటు తీసుకుంటారంటండి, ఎవరూ రానక్కర్లేదు, అంది. నాకు చిరాకేసింది. ఎవరింట్లో వాళ్లు అచ్చేసుకుని, ఎవరి మొహం వాళ్లే అంటించుకుంటే ఇక దాంట్లో దొరకడమేముంది, దాచడమేముంది? అని లెక్చరిచ్చాను. నా రెండు ముడతలు తీయించిన ఫోటో ఆ పిల్ల చేతిలోనే ఉంది. "అవునండి మేడం" అంది పాపం, మర్యాదస్తురాలు.

షీటు అచ్చయి వచ్చేసరికి రెండు వారాలు పట్టింది. పన్నెండు స్టాంపులు, పన్నెండు నేనులు. ఆనందం సరిగ్గా ఒక పూట ఉంది. సాయంత్రానికి అసలు సంగతి బోధపడింది. ఇవి కొనుక్కున్నవి. ఎవరైనా నాకు ఉత్తరం రాసి దాని మీద అంటించి పంపితే తప్ప నా ఆల్బంలోకి రావు. నాకు ఉత్తరం రాసేవాళ్లెవరున్నారు ఇప్పుడు? అందరూ ఫోన్లో దండాల బొమ్మలు పంపేవాళ్లే. మా ఆయన చుట్టాలమ్మాయికి పెళ్లి సంబంధం మాట్లాడ్డానికి గజపతినగరం వెళ్తుంటే, ఒక కవరు మీద నా స్టాంపంటించి, అక్కడ పోస్టు చెయ్యండి అని ఇచ్చాను. ఆయన కవరు అటూ ఇటూ తిప్పి, "గజపతినగరం వెళ్లి నీకు ఉత్తరం రాయాలా? ఏటని రాయను? బస్సు దిగేను, టీ తాగేను అనా?" అన్నారు. ఆ మాటతో సిగ్గేసి కవరు లాక్కున్నాను. నా మొహం ఒక్కటి నా ఆల్బంలో ఉండాలని ఇంత వయసులో ఇంత ఆశపడతానని నేనే అనుకోలేదు.

చివరికి కడుపుమంట కొద్దీ ఆ కవరులోనే నాలుగు ముక్కలు రాసి వదినకి పంపాను. నేనూ చేయించుకున్నాను సుమా అని తెలియాలి కదా. ఎర్రడబ్బాలో వేసేముందు నా మొహాన్ని ఒకసారి చూసుకున్నాను. ఇది బొబ్బిలి వెళ్లి ఆవిడ పొయ్యిలో కాలిపోతుంది, కాలితే కాలనీ. వారం దాటింది, ఫోన్ రాలేదు. కుళ్లుకుంటోంది కాబోలని కాస్త హాయిగా కూడా అనిపించింది.

పదో రోజున పోస్టుమేన్ మళ్లీ గేటు తీశాడు. ఈసారి అతని మొహం వెలిగిపోతోంది. "అమ్మా, ఈపాలి స్టాంపు మీద మీరే!" కవరు మీద వదిన కోడిగీతల రాత. మూలన నేను! ముడతలు తగ్గించిన నేను! బొబ్బిలి ముద్ర సరిగ్గా నా ముక్కు మీద, సగం మొహం నల్లగా. ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. గేటు దగ్గరే నిలబడి కవరు చింపాను.

"ఒసే మరదలా, నీ ఉత్తరం అందింది. ఫోటోలో బాగున్నావు, ముక్కు మాత్రం మీ నాన్నదే. నీ స్టాంపు మీద వోళ్లు ముద్ర కొట్టలేదు, మర్చిపోయినట్టున్నారు. బంగారంలాంటి స్టాంపు పారీడమెందుకని ఇడ్లీగిన్ని ఆవిరి మీద ఊడదీసి దీనికే అంటించేను. మా యింట్లో ఏదీ వృథా పోదు, నీకు తెలుసు కదా. అసలు సంగతేటంటే, గుమ్మడొడియాలకి అత్త, అదే మీ యమ్మ, పప్పెంత, కాయెంత వేసీదో రాసి పంపించు. ఫోన్లో సెప్పేవంట, రెండుసార్లు సెప్పేవని కోడలంటన్నాది. నాకు ఫోన్ పెట్టీగానే పోతన్నాది. కాయితమ్మీదైతే ఉంటాది. ఇంకోటి. పిల్లలు నా ఫోటోతో స్టాంపులు సేయించేరు. నీకు పంపేనో లేదో గుర్తు లేదు. ముందు నీకే పంపాలనుకున్నాను. అందకపోతే సెప్పు, పంపిస్తాను."

ఉత్తరం మొదటినుంచి ఇంకోసారి చదివాను. పోస్టుమేన్ ఇంకా అక్కడే ఉన్నాడు, ఏటమ్మా, సెడ్డకబురా అని అడిగాడు. కాదు, వడియాల కొలత అడిగింది అని చెప్పి లోపలికొచ్చి, వంటింట్లో పీట మీద కూర్చుని ఏడ్చాను. నెల రోజులు తిండి సరిగా తినకుండా, స్టూడియోల చుట్టూ తిరిగి, ఏ స్టాంపు మీద పడి ఏడిచానో, ఆ స్టాంపు పంపిన సంగతే ఆవిడకి గుర్తు లేదు. నాకు కావలసింది కూడా దొరికింది. ఒకరు, ఒక పనిమీద, ఉత్తరం రాసి నా మొహాన్ని నాకు పంపారు. నియమానికి ఎక్కడా లోటు లేదు. అదీ ఆవిడ చేతిమీదుగానే రావాలా! కన్నీళ్లు తుడుచుకుంటూ కూడా అదే అనుకున్నాను, దాచడమెందుకు.

నన్ను నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, పులుల పేజీలో అంటించాను. వదినని కూడా రైలింజన్ల మధ్య నుంచి తీసి నా పక్కన పెట్టాను. తర్వాత కాయితం తీసుకుని పెద్ద అక్షరాలతో వడియాల కొలతలు రాశాను. కింద ఆ రెండో ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది. పంపావు వదినా, అందింది అని రాస్తే అక్కడితో అయిపోతుంది. పంపి మర్చిపోయానని ఆవిడ బాధపడుతుంది, నాకు మళ్లీ ఉత్తరం రాదు. "అందలేదు, పంపించు" అని రాశాను.

వారంలో వచ్చింది. లోపల, ముందు నీకే పంపిస్తన్నాను అని రాసింది. తర్వాతి ఉత్తరంలో మళ్లీ అడిగింది, అందలేదని మళ్లీ రాశాను. ఇప్పుడు నా ఆల్బంలో వదినలు నలుగురు, నేనొక్కదాన్ని. ఆవిడకి ప్రతిసారీ ఇదే మొదటిసారి, అదే సంబరం. మధ్యలో గడిచిపోతున్న రోజులన్నీ నాకు మాత్రమే తెలుస్తున్నాయి, చూడండి, ఇది కూడా ఆవిడకే సుఖంగా కుదిరింది.