వానకవతలి ఓడ

గుడియాత్తంలో లుంగీలు నేసే ఇంట్లో పుట్టిన నేను, చెన్నైలో చేపల పడవలకు ఓడల జాడ తెలిపే రిసీవర్లు బిగిస్తాను. ఒకసారి నా పని చూస్తానని అమ్మ కూడా పడవెక్కింది. సముద్రంలోకి వెళ్లాక రిసీవర్‌ను లాప్‌టాప్‌కు కలిపితే తెర ఖాళీగానే ఉంది. రెండింటి మధ్య సమాచారం నడిచే వేగాలు కలవలేదని తెలిసి సరిచేశాను. వెంటనే ఓడల గుర్తులు కనిపించాయి. ఎదురుగా దూరంలో వాన దట్టంగా కురుస్తోంది.

"ఈ ఓడ యాడుండాది పాపా?" తెరమీద ఒక గుర్తును చూపిస్తూ అంది అమ్మ.

"ఆ వానకవతల. మనకెదురుగానే వస్తా ఉండాదిమ్మా."

నా మాట విని పడవాయన పక్కకు తిప్పాడు. కాసేపటికి వానలోంచి పెద్ద ఓడ బయటికొచ్చి, దూరంగా సాగిపోయింది.

తిరుగు బస్సులో అమ్మ పక్కసీటావిడతో, "కంటికి కనపడని ఓడను మా పాప చూపించినాది" అంది. చూపించింది రిసీవరని చెప్పి నేను ఆపలేదు.