గేటు దాటనివ్వని తడి పెట్టె

విశాఖలో నాతో విమానం ఎక్కిన పెట్టె నాతో దిగలేదు. మర్నాడు విమాన సంస్థ మనిషి దాన్ని పోతిరెడ్డిపల్లిలో నేను అద్దెకు దిగిన ఇంటికి తెచ్చాడు. అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. తెరిస్తే, ఎర్ర ఉప్పాడ చీర రంగంతా తెల్ల చీరలకు పట్టేసింది. కొత్త ఉద్యోగానికి కట్టుకోవాలని తెచ్చుకున్న చీరలు!

"బాగానే అందిందని సంతకం పెట్టండి మేడమ్. వాన పడితే మేమేం చేస్తాం?" అన్నాడతను.

వాన పడటం వాళ్ల తప్పు కాదట. పెట్టెను వానలో వదిలేయడమూ కాదట. అయినా మొహమాటంతో పెన్ను అందుకున్నాను.

ఇంతలో ఇంటి ఓనరు రహీమా ఆంటీ వచ్చి, అతని బండి లోపల ఉండగానే గేటుకు తాళం వేసేసింది. ఆవిడ పటాన్‌చెరు ఫ్యాక్టరీలో సరుకు దింపుకునే చోట పనిచేసి రిటైరైన మనిషి.

"మా కంపెనీల తడిసిన మాల్ వస్తే, తడిసిందని రాసేదాక బండిని గేటు దాటనియ్యకపోతుంటిమి. ఈడ గూడ గంతే," అంది.

అతను బిక్కమొహం వేశాడు. ఆంటీ అతనికి కుర్చీ వేసి, వేడి చాయ్ తెచ్చి ఇచ్చింది.

"తాగు బిడ్డా. లొల్లి మీ కంపెనీతోని, నీతోని కాదు."

తాళం వేసి మరీ మర్యాద చేయడం మా వైపు నేనెప్పుడూ చూడలేదు. నా మొహమాటం ఎటుపోయిందో గాని, అతనిచ్చిన కాగితం మీద "తడిసి పాడై వచ్చింది" అని రాశాను.

ఆంటీ తొంగిచూసింది. "జెర పెద్దగ రాయి. ఆళ్లకు చిన్న అక్షరాలు కానరావు."

కాగితం నిండా రాశాక గాని తాళం తీయలేదు.