పది వీధుల ఊళ్ళో దారి తప్పించే పోస్టుమాన్

దోన్ ఎలియోదోరోను దారి అడిగి సరైన చోటికి చేరినవాడు ఇంతవరకు పుట్టలేదు. ముప్పై ఏళ్ళు పోస్టుమాన్‌గా చేసి ఒక్క ఉత్తరం కూడా తప్పు గుమ్మంలో వెయ్యని మనిషి, రిటైరయ్యాక మనుషుల్ని తప్పు గుమ్మాలకు బట్వాడా చేయడం మొదలుపెట్టాడు.

అదీ ఎలాంటి ఊళ్ళో! పోసో ఆల్తోలో ఉన్నవి పది వీధులు, వాటి చుట్టూ ఉప్పు, ఇసుక. చర్చి గంట గోపురం ఏ మూల నిలబడ్డా కనిపిస్తుంది. ఇక్కడ దారి తప్పాలంటే శిక్షణ కావాలి. ఆ శిక్షణ ప్లాజాలో పిమియెంతో చెట్టు కింద బెంచీ మీద ఉచితంగా దొరికేది.

"మ్యూజియమా? ఈ తలుపు చూసి మోసపోకండి," అనేవాడు మ్యూజియం తలుపుకే ఆనుకుని నిలబడి. "ఇది దొడ్డిదారి. సింహద్వారానికి వెళ్ళాలంటే పాత రైల్వే స్టేషను మీదుగా చుట్టి రావాలి." మ్యాపు పట్టుకొచ్చిన వాళ్ళుంటే, ఆ మ్యాపు భూకంపానికి ముందుదని తేల్చేసేవాడు. ఒకాయన చర్చి ఎదురుగానే కనిపిస్తోంది కదా అని ఎదురు తిరిగితే, ఆయన భుజం మీద చెయ్యేసి జాలిగా చెప్పాడట: "ఎడారిలో అలాగే కనిపిస్తుంది నాయనా."

మున్సిపాలిటీలో పర్యాటక శాఖ మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క ఉద్యోగిని యాస్నా. ఫిర్యాదుల పుస్తకం నిండిపోయేసరికి మేయరు ఆమెను పిలిచి, ఆ ముసలాయన నోరు ఎలాగూ మూయించలేం, కనీసం మూలమూలకీ దారి బోర్డులైనా పెట్టించమన్నాడు. సోమవారానికల్లా పెయింటరుకు రాత అందాలి.

రాత రాసేముందు ఆమె ఫిర్యాదులన్నీ వరసగా చదివింది. అన్నీ తిట్లతోనే మొదలయ్యాయి. "మీ పోస్టుమాన్ పచ్చి అబద్ధాలకోరు. మండుటెండలో అరగంట నడిపించాడు. అయితే స్టేషను దగ్గర కొట్లో దోన్యా ఓర్తెన్సియా ఇచ్చిన ఎండు పీచ్ పళ్ళ పానీయం మాత్రం అమృతం. కదలని రైలు పెట్టెలో కూర్చుని ఆవిడ కబుర్లు వింటుంటే సాయంత్రమైంది. మ్యూజియం చూడలేదు. వచ్చే ఏడు మళ్ళీ వస్తాం." నలభై ఫిర్యాదుల్లోనూ మ్యూజియం చూసినవాడు లేడు. మళ్ళీ రానన్నవాడూ లేడు.

యాస్నా తిన్నగా బెంచీ దగ్గరికి వెళ్ళి బోర్డుల జాబితా చూపించి, సంగతేమిటని నిలదీసింది. దోన్ ఎలియోదోరో టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన తిన్నగా జవాబు చెప్పడం ఆమె వినడం అదే మొదలు.

"ఓర్తెన్సియాకి మొక్కుంది అమ్మాయ్. రైళ్ళు ఆగిపోయిన ఏడు చర్చిలో సాన్ లొరెన్సో విగ్రహం ముందు నిలబడి అనేసింది. ముక్కూ మొహం తెలీనివాళ్ళు ఒక్కరూ కొట్టుకి రాని రోజున తాళం వేసి, ఇకీకేలో చెల్లెలింటికి వెళ్ళిపోతానని. మనం వెళ్ళి తాగితే లెక్కలోకి రాదట. జాలి గిరాకీ సాన్ లొరెన్సో ఒప్పుకోడట."

యాస్నాకు నవ్వు రాలేదు. సాన్ లొరెన్సోకు ఇచ్చిన మాట ఆ ఊళ్ళో ఎవరూ తప్పరు. ఆమె సొంత తండ్రి, కాళ్ళకూ తాళానికీ ఏనాడూ పొసగకపోయినా, మొక్కుకున్న పాపానికి ఇరవై ఏళ్ళు పండగలో ముసుగేసుకుని నాట్యం చేశాడు.

"అంటే రోజూ ఒకర్ని పంపిస్తున్నారా?"

"తొమ్మిదేళ్ళుగా. నాకు జ్వరమొచ్చిన రోజు మా ఆవిడ చూసుకుంది. దానికి అబద్ధం చెప్పడం రాదు పాపం, ఒకాయన్ని రెక్కపట్టుకుని లాక్కెళ్ళి దిగబెట్టింది."

"దోన్యా ఓర్తెన్సియాకి తెలుసా?"

"తెలిస్తే ఆ వచ్చినవాళ్ళూ లెక్కలోంచి పోతారు." ఆయన జాబితాను మడిచి తిరిగిచ్చాడు. "ఆ పెట్టె దగ్గర ఆవిడ లేకపోతే ఈ ఊళ్ళో చూడ్డానికి ఇసకే మిగుల్తుంది. బోర్డులు మాత్రం నీ ఉద్యోగం. నేను వద్దనను."

సోమవారం యాస్నా ఇచ్చిన కాగితం చదివి పెయింటరు బుర్ర గోక్కున్నాడు. మ్యూజియానికి, పాత స్టేషను మీదుగా. చర్చికి, పాత స్టేషను మీదుగా. చివరికి పాత స్టేషను పక్క వీధిలోని బస్టాండుకు కూడా అలాగే.

"మ్యూజియం ఇదిగో, ఎదురుగానే ఉంది కదమ్మా?" అన్నాడు.

"ఎడారిలో అలాగే కనిపిస్తుంది," అంది యాస్నా.

బోర్డులు లేచాక దోన్ ఎలియోదోరోకు పని తగ్గింది. అయినా బెంచీ వదల్లేదు. మొన్నొక కొత్త జంట బోర్డు కేసి, చర్చి కేసి మార్చి మార్చి చూసి, ఇది నిజమేనా అని ఆయన్నే అడిగారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాడు.

"గవర్నమెంటు వారి బోర్డండీ," అన్నాడు. "కళ్ళు మూసుకుని వెళ్ళండి."